ముందే మాట్లాడుకున్న హాలు

అమ్మాయి పరీక్ష ఫలితం బుధవారం వచ్చింది. కృతజ్ఞతా కూడిక శనివారం. మధ్యలో ఉన్నవి గురువారం, శుక్రవారం. ఆ రెండు రోజుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

కృతజ్ఞతా కూడిక అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మా క్రైస్తవ కుటుంబాల్లో బిడ్డ పుట్టినా, ఇల్లు కొన్నా, ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా నలుగురినీ పిలుస్తాం. పాటలు పాడతాం, వాక్యం వింటాం. మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి దేవుడు తమకేం చేశాడో చెబుతారు, దాన్నే సాక్ష్యం అంటాం. ఆ తర్వాత భోజనాలు. బాపట్లలో ఇదే పద్ధతి, ఐర్లండ్‌లో ఇదే పద్ధతి. మేలు ముందు, కూడిక తర్వాత. నాకు తెలిసినంతలో ఈ వరుస ఎక్కడా మారలేదు, మా ఇంట్లో తప్ప.

దానికి కారణం హాలు. రెండువేల పదిహేడులో మా వాళ్ళు డబ్లిన్ శివారున ఆడమ్స్‌టౌన్‌లో ఉండేవాళ్ళు. ఎటు చూసినా క్రేన్లు, కొత్త ఇళ్ళు. ఆ ఇళ్ళలో సగం సాఫ్ట్‌వేర్ వాళ్ళు. పిల్లల పుట్టినరోజులు, వినాయక చవితి, బతుకమ్మ, బ్యాడ్మింటన్, మా ప్రార్థన కూడికలు, అన్నిటికీ దిక్కు ఒక్క స్కూలు హాలే. రెండు నెలల ముందు అడగకపోతే దొరకదు.

మా అల్లుడు ఒక కంప్యూటర్ కంపెనీలో పని చేస్తాడు. ఏదైనా ముందే తేదీ వేసుకోకపోతే ఆయనకు తోచదు. సెప్టెంబరులో అమ్మాయి పరీక్ష రాసి వచ్చిన వారానికే, ఫలితం ఎప్పుడొస్తుందో చూసి నవంబరు ఆఖరి శనివారానికి హాలు మాట్లాడేశాడు. అప్పుడు నేను బాపట్లలోనే ఉన్నాను. అక్టోబరులో మూడు నెలలు ఉండి వద్దామని వెళ్ళాక ఈ సంగతి తెలిసింది.

"మేలు జరగకముందే కూడికేంటి బాబూ?" అన్నాను.

"ఫలితం వచ్చాక అడిగితే క్రిస్మస్ దాటిపోద్దత్తయ్యా. అయినా విశ్వాసం ఉండాలి కదా మనకి?" అని నవ్వాడు.

మిషన్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. లెక్క చేయకముందే జవాబు రాసేసిన పిల్లలకు మార్కులు వేయలేదు. కానీ అల్లుడు అత్తగారికి విశ్వాసం గురించి చెప్పాక ఇక మాట్లాడేదేముంది?

అమ్మాయి గుంటూరులో డాక్టరు చదివింది. అక్కడి పెద్దాసుపత్రిలో నాలుగేళ్ళు చేసింది. ఐర్లండ్‌లో డాక్టరుగా రిజిస్టర్ కావాలంటే ఆ దేశం పెట్టే పరీక్ష నెగ్గాలి. రాత పరీక్ష మొదటిసారే పాసైంది. రెండోది రోగులతో మాట్లాడి, పరీక్షించి చూపించాల్సినది. ఆ రోగులు నిజం రోగులు కారు, రోగుల్లా నటించడానికి కూర్చోబెట్టిన మనుషులు. ఒక్కొక్కరి దగ్గర కొన్ని నిమిషాలు. ఆ ఏడు వసంతంలో మొదటిసారి అందులో పోయింది. వైద్యం తెలుసు, మాట కటువు అన్నారట. పెద్దాసుపత్రిలో ఒక పూట వందమందిని చూసిన పిల్ల. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, నాలుక చాపు, తర్వాతి వాళ్ళు రండి. ఐర్లండ్‌లో పొట్ట మీద చెయ్యి వేయడానికి అనుమతి అడగాలి, మీ భయమేమిటని అడగాలి.

"రోగిని నీ భయమేంటని అడిగే తీరిక నాకెప్పుడన్నా ఉందా అమ్మా?" అంది ఒకసారి. నిందగా అనలేదు, ఆలోచిస్తూ అంది.

బుధవారం మధ్యాహ్నం మెట్లు దిగి వచ్చి, ఫోను నా ముందు బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ పోయిందమ్మా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. మనవరాలిని బడి నుంచి తీసుకురావడానికి ఇంకా గంట ఉండగానే కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అల్లుడు మంచి మనసుతోనే ఒక మాట చెప్పాడు. వాళ్ళ ఆఫీసులో కొన్ని నెలల కోర్సు చేసినవాళ్ళను కూడా తీసుకుంటున్నారు, ప్రోగ్రాముల్లో తప్పులు వెదికే పని. ఆ రోజుల్లో డబ్లిన్‌లో కంప్యూటర్ తెలిసిన ప్రతివాడికీ పిలుపు వచ్చేది. డాక్టరు చదివిన బుర్రకు అదెంత, ఇంకో ఏడాది ఈ పరీక్ష చుట్టూ తిరగడం ఎందుకు అన్నాడు. అమ్మాయి తలూపింది. సోమవారం కోర్సులో పేరు ఇచ్చేస్తానంది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది. చదువు మానేసే పిల్లలు అల్లరి చేసేవాళ్ళు కాదని, చప్పుడు లేకుండా వెనక బెంచీకి జరిగేవాళ్ళని బడిలో చూసినదాన్ని.

కాసేపటికి మనవరాలు నా గదిలోకి వచ్చింది. ఎనిమిదేళ్ళది. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఐర్లండ్ యాసలో ఇంగ్లీషే. మెడలో వాళ్ళమ్మ స్టెతస్కోపు ఉంది. అంతకుముందు దాన్ని ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. ఇప్పుడు వాళ్ళమ్మే, ఇక నువ్వే ఉంచుకో అందట.

"మమ్మీకి ఏం కాలేదు, గ్రాండ్‌గా ఉంది" అన్నాను, బాగున్నామనడానికి అక్కడివాళ్ళు వాడే దాని మాటే దానికి చెబుతూ.

"షీ ఈజ్ నాట్, అమ్మమ్మా" అంది.

గురువారం పొద్దున అమ్మాయి కూడిక రద్దు చేయమంది. నలభై మందికి చెప్పి ఉన్నాం. నేవన్ నుంచి రెండు కుటుంబాలు, లెటర్‌కెన్నీ నుంచి అక్కడి ఆసుపత్రిలో పని చేసే ఒక డాక్టరమ్మ, మిగిలినవాళ్ళు చుట్టుపక్కలవాళ్ళు. అల్లుడు ఫోను తీసి సందేశం రాయబోయి ఆగాడు.

"ఏమని రాయను?"

"పిల్లకి జ్వరమని రాయండి."

"పిల్లకి జ్వరం లేదు" అన్నాను.

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకుంటాను. కానీ పిల్లకి జ్వరం లేదు. అసలు మనం పిలిచింది కృతజ్ఞతా కూడికనే కదా. పాసైన కూడికని ఎక్కడా రాయలేదు."

అమ్మాయి నా వంక చూసింది. "దేనికమ్మా కృతజ్ఞత? చెప్పు. దేనికి?"

 నాకూ తెలియదన్నాను. అల్లుడు ఫోను జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. సందేశం వెళ్ళలేదు, కూడిక ఉంటుందని కూడా ఎవరూ అనలేదు. ఆ రోజు నేను ప్రార్థనకు కూర్చుంటే మాట రాలేదు. మా ఆయన పోయిన ఏడాది తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అమ్మాయి అడిగిన ప్రశ్నే నేనూ అడిగి లేచాను.

శుక్రవారం పొద్దున బియ్యం కొలవడానికి కూర్చున్నాను. రద్దు చేయలేదు కాబట్టి జనం వస్తారు, వచ్చినవాళ్ళు తినాలి. మనిషికి నూటపాతిక గ్రాములు, నలభై మందికి అయిదు కిలోలు. గ్లాసుతో కొలిచి పోస్తూ ఉంటే అయిదు అన్న అంకె దగ్గర ఒక సంగతి తట్టింది. సండేస్కూల్లో ప్రభువు అయిదు రొట్టెలు పంచిన కథ ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ దాన్ని లెక్కగానే చెప్పాను. అయిదు రొట్టెలు, అయిదు వేలమంది, ఒక్కొక్కరికి ఎంత వస్తుంది అంటే పిల్లలు నవ్వేవాళ్ళు. వరుస మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆయన రొట్టెలు తీసుకున్నాడు, కృతజ్ఞత చెప్పాడు, అప్పుడు విరిచాడు. కృతజ్ఞత చెప్పినప్పుడు చేతిలో ఉన్నవి అయిదే. చాలని అయిదు. జనమంతా కడుపునిండా తిన్నాక చెప్పలేదు, మిగిలిన ముక్కలు గంపలకెత్తాక చెప్పలేదు. చాలనివి చేతిలో పట్టుకుని చెప్పాడు.

గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. ఎన్ని గ్లాసులు పోశానో మర్చిపోయి, బియ్యమంతా తిరగబోసి మొదటి నుంచి కొలిచాను.

అమ్మాయి ఉల్లిపాయలు తరుగుతోంది. పక్కకు వెళ్ళి నిలబడి మొదలుపెట్టబోయాను.

"అమ్మా, నాకిప్పుడు వాక్యం చెప్పొద్దు."

"వాక్యం కాదు. వరుస చెప్తున్నా. నిన్న అడిగావుగా దేనికని? ముందు థాంక్స్ చెప్పాడు. తర్వాత సరిపోయింది. సరిపోయాక చెప్పలేదు."

తను కత్తి ఆపలేదు. ఉల్లిపాయలు తరిగేవాళ్ళ కళ్ళను బట్టి ఏదీ చెప్పలేం. ముక్కలు గిన్నెలోకి తోసి, "నేను హాల్లోకి రాను. వంట దగ్గరే ఉంటా. నన్ను పిలవొద్దు" అంది.

"సరే" అన్నాను.

సాయంత్రం పక్కింటావిడ పెద్ద డేక్సా తెచ్చిచ్చింది. కరీంనగర్ వైపువాళ్ళు, భర్త సాఫ్ట్‌వేర్. దీపాలు పెట్టుకునే ఇల్లే, మా కూడికలకు మాత్రం తప్పకుండా వస్తుంది, మేం వాళ్ళ బతుకమ్మకు వెళ్ళినట్టు. అమ్మాయి ముఖం చూసి సంగతి అడిగి తెలుసుకుంది.

"పోతే పోనియ్ అక్కా, మళ్ల రాస్తవ్. నేను డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు పోగొట్టుకున్న. ఇప్పటికీ గార్డ్స్ బండి ఎదురొస్తే, లైసెన్స్ ఉండి గూడ పక్క సందులకు తిప్పుకుంట" అంది. రేపు పులిహోర తెస్తానని చెప్పి వెళ్ళింది. గార్డ్స్ అంటే అక్కడ పోలీసులు. అమ్మాయి బుధవారం తర్వాత నవ్వింది అప్పుడే.

ఆ రాత్రికి పెరుగు తోడు వేయాలి. ఆ చలికి పెరుగు తోడుకోదు. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమరను అక్కడ హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. మేం అందులో పాలగిన్నెలు పెట్టుకుంటాం. మూడు గిన్నెలూ అమ్మాయే తోడువేసి, సర్ది, తలుపు మూసింది. కూడిక ఉంటుందని మా ఇంట్లో ఎవరైనా చెప్పింది ఏమైనా ఉంటే, అదే.

శనివారం వాన. అయినా అందరూ వచ్చారు. లెటర్‌కెన్నీ డాక్టరమ్మ ఆ వానలో మూడు గంటలకు పైగా కారు నడుపుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఐర్లండ్ వచ్చి చాలా ఏళ్ళయింది. హాలుకు ఆనుకుని చిన్న వంటగది ఉంది, దానికీ హాలుకూ మధ్య ఒక తెరుచుకునే కిటికీ. అమ్మాయి దాని వెనక బిర్యానీ డేక్సాల దగ్గర ఉండిపోయింది.

పాటలయ్యాయి, ప్రార్థన అయింది. కూడిక నడిపే సంఘపెద్ద సాక్ష్యం చెప్పమని అల్లుణ్ణి పిలిచాడు. అల్లుడు లేచాడు. ఆఫీసులో పెద్దపెద్దవాళ్ళ ముందు మాట్లాడే మనిషి, గొంతు సర్దుకున్నాడు, ఇంకోసారి సర్దుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. అమ్మాయిని అడగకుండా ఆ మాట చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. 

వంటగది తలుపు తెరుచుకుంది. అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"నేను పాసవ్వలేదు. రెండోసారి పోయింది. మీరంతా నాకోసం ప్రార్థన చేశారు, అది జరగలేదు. దేవుడి మీద కోపంగా ఉంది, అబద్ధం చెప్పను. అయినా ఆయన్ని వదల్లేను. ఇంకెక్కడికి పోవాలో నాకు తెలీదు. నేను చెప్పేది ఇంతే. అన్నం వేడిగా ఉంది, చల్లారకముందే తినండి."

ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. సంఘపెద్దకు కూడా. అప్పుడు వెనక వరుసలోంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. సాక్ష్యం ముగియగానే అనే మాటే అది. అలవాటుగా నోట్లోంచి వచ్చిందో, కావాలనే అన్నారో ఇప్పటికీ తెలియదు. అమ్మాయికి నవ్వు వచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది, ఆ వెంటనే హాలంతా కదిలింది. పక్కింటావిడ వెళ్ళి భుజం పట్టుకుంది.

భోజనానికి నన్ను ప్రార్థన చేయమన్నారు. గురువారం రాని మాట అప్పుడు వచ్చింది. ఈ అన్నం కోసం, వండిన చేతుల కోసం నీకు వందనాలు ప్రభువా, మా దగ్గరున్నది చాలలేదు, చాలనిదాని కోసం కూడా నీకు వందనాలు అన్నాను. అంతకంటే పొడుగు లేదు. అయిదు కిలోల్లో ఒక్క గింజ మిగల్లేదు, పక్కింటావిడ తెచ్చిన పులిహోర కూడా.

అందరూ వెళ్ళాక గిన్నెలు కడుగుతున్నాం. డాక్టరమ్మ స్వెటర్ చేతులు పైకి మడుచుకుని తుడవడానికి వచ్చింది. 

"నేను మూడుసార్లు పోగొట్టుకున్నా" అంది అమ్మాయితో.

అమ్మాయి తిరిగి చూసింది. "మీరు ఫస్ట్ టైమే పాసయ్యారని విన్నానే."

"ఎవరు చెప్పారు? పాసైన రోజు కృతజ్ఞతా కూడిక పెట్టా. ఆ రోజు పాసైన సంగతి చెప్పా. పోయినవాటి గురించి ఎవరూ కూడిక పెట్టరుగా, ఎవరికెలా తెలుస్తుంది? ఇవాళ నువ్వు లేచి చెప్పావు చూడు, పోయినవి మూడూ గుర్తొచ్చాయి."

"మీకు మానేద్దామనిపించలేదా?"

"ప్రతిసారీ. ఏదీ, ఆ డేక్సా ఇటివ్వు." గిన్నె తుడిచి బోర్లించి నా వైపు తిరిగింది. "ఆంటీ, మీరింకా ఎన్నాళ్ళుంటారు?"

జనవరి రెండో వారం దాకా అని చెప్పాను.

"అయితే మనవరాలిని మీరు చూసుకోండి. ఈమెను నాకివ్వండి. మా వార్డులో నిలబడి చూడ్డానికి నేను మాట్లాడతా. రోగితో మాట్లాడే తీరు పరీక్ష గదిలో నేర్చుకునేది కాదు, వార్డులో చెవులు పెట్టి వినాలి."

అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. సోమవారం కోర్సు సంగతి చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అల్లుడే, కోర్సు ఎక్కడికీ పోదులే అన్నాడు. అప్పటికే ఫోనులో లెటర్‌కెన్నీ బస్సు వేళలు చూస్తున్నాడు. అడిగితే టిక్కెట్ కూడా తీసేశానన్నాడు. ముందే తీసేసుకోవడం ఆయన స్వభావం. ఆ ఒక్కసారి నాకు కోపం రాలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అమ్మాయి సూట్‌కేసు సర్దుకుంది. అన్నీ పెట్టుకున్నాక మెట్ల మీద నుంచి, "నా స్టెత్ ఏది?" అని కేకేసింది. మనవరాలు మెడలోంచి తీసి, గొట్టం జాగ్రత్తగా చుట్టి, పైకి తీసుకెళ్ళి ఇచ్చింది.

అక్కడ ఆమె చేయగలిగింది వెనక నిలబడి చూడడమే. డాక్టరమ్మ ఇంట్లో చిన్న గదిలో ఆరు వారాలు ఉంది, క్రిస్మస్‌కు మాత్రం ఇంటికొచ్చి వెళ్ళింది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేసేది. ఒకరోజు గొర్రెలు మేపుకునే ఒక ముసలాయన గురించి చెప్పింది. ఎలా ఉందని ఎన్నిసార్లు అడిగినా, గ్రాండ్ డాక్టర్, గ్రాండ్ అనేవాడట. డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, గొర్రెలు ఎన్నున్నాయని అడిగిందట. గొర్రెల నుంచి, తను తిరిగి రాకపోతే వాటికి మేత ఎవరు వేస్తారన్న దాకా వచ్చాక, రాత్రంతా ఎక్కడ నొప్పి పెడుతుందో అప్పుడు చెప్పాడట.

"అమ్మా, నేనెప్పుడూ కుర్చీ లాక్కోలేదు" అంది.

"వందమంది ఉంటే కుర్చీ ఎక్కడిది?" అన్నాను.

"అది నిజమే. కానీ ఇక్కడ కుర్చీ ఉంది."

ఇంకోరోజు చెప్పింది, పొద్దున వార్డు తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి ప్రార్థన చేసుకుని లోపలికి వెళ్తున్నానని. పాసవ్వాలని కాదు, ఆ పడక మీది మనిషి ఇవాళ కాస్త నిద్రపోవాలని. పాసవ్వాలని అడగడం ఎప్పుడు మానేసిందో తనకే గుర్తులేదట. దేవుడి మీద కోపం ఉందా అని అడిగాను. ఉందో లేదో చూసుకోవడానికి తీరిక లేదమ్మా అంది. ఆ మాటకు నేను ఫోను పెట్టేసి చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను.

జనవరిలో నేను బాపట్ల వచ్చేశాను. మూడోసారి పరీక్ష మరుసటి సెప్టెంబరులో. నేను అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను, ఫలితం వచ్చేనాటికి అక్కడే ఉన్నాను. ఈసారి ఎవరూ ఏ హాలూ మాట్లాడలేదు. పరీక్ష గదుల్లో ఏం చేశావని అడిగితే, ప్రతి తలుపు ముందూ లోపల కూర్చున్నవాళ్ళ కోసం ప్రార్థన చేశానంది.

"వాళ్ళు నిజం రోగులు కారు కదే" అన్నాను.

"మనుషులేగా అమ్మా. పొద్దున్నుంచీ జబ్బు నటించీ నటించీ అలసిపోయి ఉంటారు."

ఫలితం మళ్ళీ ఒక మధ్యాహ్నం వచ్చింది. ఈసారి మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఫోను నా చేతిలో పెట్టింది. కళ్ళద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివాను. అల్లుడు ఆఫీసు నుంచి త్వరగా వచ్చేశాడు. మనవరాలు వాళ్ళమ్మ మెడ పట్టుకుని వేలాడింది. కాసేపయ్యాక అల్లుడు జేబులోంచి ఫోను తీశాడు.

"హాలు ఎప్పటికి అడగమంటావు? డిసెంబరులో దొరుకుతుందేమో చూడనా?"

"హాలెందుకండీ?" అంది అమ్మాయి.

"కృతజ్ఞతా కూడికకి."

"అది పోయినేడే అయిపోయిందిగా. చెప్పేశాం కదా."

అల్లుడు నా వైపు చూశాడు, అత్తయ్య వరుస తప్పిందంటుందేమోనని. వరుస తప్పలేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం కొలిచాను. నలుగురికి అరకిలో.